ముంజేతి లెక్క

వెయ్యిన్ని తొమ్మిదొందల తొంభై తొమ్మిది.
రెండు వేలనడానికి నోరు రాని ధర.
చిత్తూరు చర్చి వీధి అంగట్లో, గాజు పెట్టెలో
నల్ల పట్టీ, వేలెడంత అద్దం.
పిల్లోడు డబ్బా మీద డబ్బా తెరస్తా ఉండాడు,
"అడుగులు చెప్తాది, నిద్ర చెప్తాది,
గుండె చెప్తాది సిస్టర్" అని.
చెప్పేవాళ్ళకేం కొదవ నాకు?

ఇరవై రెండేండ్లుగా నేనూ అదే పని గదా.
పెద్దాసుపత్రి మగవాళ్ళ వార్డులో
మూడు వేళ్ళు మణికట్టు మీద ఆనించి
రొమ్మున వేలాడే గడియారంలో
సెకన్ల ముల్లు ఒక చుట్టు తిరిగేదాకా
ఊరికే నిలబడడం.
ఎంతమంది నాడి ఈ వేళ్ళ కింద కదిలిందో
రాసిన రిజిస్టర్లన్నీ చెదలు తినేసినాయి.

హెప్సిబా తన పట్టీ ఊడదీసి నా చేతికి తొడిగింది.
"వారం రోజులు పెట్టుకోని చూడక్కా, నచ్చితే కొను."

మొదటి రాత్రే నవ్వులు.
బంగారుపాళెం చెంగల్రాయుడు,
కాయ అమ్ముడుపోక బీపీ పెరిగి పడకెక్కినాయన,
కొడుకు చేత సంచెడు తోతాపురి తెప్పించినాడు.
"ఫ్యాక్టరీవోడు వద్దన్నాడు, మీరైనా తినండమ్మా."
హెప్సిబా ఒక కాయకి పట్టీ కట్టింది.
పచ్చ దీపం మినుకుమినుకుమని
కాసేపు ఆలోచించి
డెబ్బై ఎనిమిది అనింది.

వార్డంతా నవ్వింది. చెంగల్రాయుడు నవ్వలే.
"ప్రాణముందని మిషను కూడా చెప్తాంది,
ఆ మండీవోడికి చూపించండమ్మా" అన్నాడు.
ఆయన చెయ్యి పట్టుకుని చూస్తే
నూట నాలుగు.

తర్వాత నిద్ర సంగతి.
పొద్దున ఇంటికి పోయి, అంట్లు తోమి,
మిట్టమధ్యాన్నం కర్టెన్ లాగి కన్ను మూస్తే
"మూడు గంటల పది నిమిషాలు. బాగాలేదు" అనింది.
ఆ మాట నా కండ్ల కింద ఎప్పుడో రాసుండాది.
ఎరిగినదానికి రెండు వేలా?
మా అమ్మయితే అనేది,
ముంజేతి కంకణానికి అద్దమెందుకే అని.
కంకణమే అద్దమై వస్తే ఏమనేదో మరి.

అయినా మనసు లాగతానే ఉండాది, దాచేదేముంది.
మా హెడ్ సిస్టర్ రాజేశ్వరమ్మ
ఊరందరికీ ఈసీజీ తీయించి, తనకి తీయించుకోక
మందుల గదిలో కుర్చీలోనే ఒరిగిపోయింది.
ఇట్లాంటిది చేతికుంటే
ముందే ఒక్క మాట చెప్పుండేదేమో.
చెప్పుంటే వినుండేదా?
"ఈ డ్యూటీ దిగినాక చూద్దాంలే" అనుండేది.

ఆరో రాత్రి.
పదిహేడో పడక తాత,
ఊరూ పేరూ తెలియదు, బస్టాండులో దొరికినాడు,
పదకొండు ముప్పావుకి చల్లబడినాడు.
మూడు వేళ్ళు పెట్టి నిండా ఒక నిమిషం.
ఎందుకైనా మంచిదని ఇంకో నిమిషం.
కండ్లు మూసి, గడ్డం కింద గుడ్డ కడతా ఉంటే
నా చెయ్యి జివ్వుమనింది.
అద్దంలో రంగురంగుల తారాజువ్వలు.
"శభాష్! పదివేల అడుగులు!"

ఇరవై రెండేండ్లలో నన్ను శభాషన్నది అదొకటే.
దుప్పటి కింద చెయ్యి దాచుకున్నా
తాత చూస్తాడేమోనన్నట్టు.

పట్టీ తిరిగిచ్చేసినా.
కొంటానని గాదు, కొననని గాదు.
అంగడి పిల్లోడు ఆదివారం దాకే ఈ ధర అంటాడు,
పోయిన ఆదివారమూ అదే అన్నాడు.

ఈ పొద్దు డ్యూటీ దిగి
గాంధీ బొమ్మ కాడ బస్సు కోసం నిలబడి
ఎన్నడూ లేంది
నా ఎడం చేతి మీద నా మూడు వేళ్ళు పెట్టుకున్నా.
నా చర్మం ఇంత గరుకుగా ఉందని
అప్పటిదాకా తెలీదు.
ముప్పై, ముప్పై ఒకటి, ముప్పై రెండు...
ఒక్కో దెబ్బా తలుపు తట్టి
ఇంట్లో ఎవరైనా ఉండారా అన్నట్టుంది.
ముల్లు నలభై మూడు కాడికి రాంగానే
కాణిపాకం బస్సొచ్చింది.
పరిగెత్తి ఎక్కినా.

మిగతా పదిహేడు సెకన్లు
అక్కడే నిలబడుండాయి.